లెక్కకెక్కని రైతు పొలం

వానాకాలం దగ్గర పడగానే పెనుబల్లి, సత్తుపల్లి షాపుల ముందు విత్తన కంపెనీల ఫ్లెక్సీలు లేస్తాయి. ప్యాకెట్ ఇంత ధరేంటని అడిగితే వచ్చే జవాబు ఒకటే: "కంపెనీ పరిశోధనకు బాగా ఖర్చు పెట్టింది." ఎంత పెట్టింది? ఎవరు లెక్కగట్టారు?

దేశంలో పరిశోధన ఖర్చు లెక్కలు తీసేది కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ. సంస్థలకు ఫారాలు పంపి, వాళ్లు నింపిచ్చిన అంకెలు కూడి పుస్తకం వేస్తుంది. 2020-21లో దేశం మొత్తం ఖర్చు రూ.1,27,381 కోట్లు, జీడీపీలో 0.64 శాతం. అందులో ప్రైవేటు కంపెనీల వాటా 36.4 శాతం. అంటే ఎక్కువగా కంపెనీ రాసిచ్చిందే లెక్క. మన పంట నష్టం రాయాలంటే మాత్రం ఏఈఓ వచ్చి చేను చూడాల్సిందే.

ఈ లెక్కల వెనక డబ్బుంది. గుర్తింపు పొందిన పరిశోధన విభాగాల ఖర్చుకు, రూపాయికి రెండు రూపాయల చొప్పున ఆదాయంలో తగ్గించి చూపే వీలు 2017 మార్చి దాకా ఉండేది. 2020 ఏప్రిల్ నుంచి అది రూపాయికి రూపాయి అయింది. ఇప్పుడు ప్రైవేటు వాటా పెంచాలంటూ, తక్కువ వడ్డీకో వడ్డీ లేకుండానో అప్పులిచ్చే లక్ష కోట్ల పథకాన్ని 2025 జులైలో కేంద్ర కేబినెట్ ఆమోదించింది.

నిలదీస్తే ఏమవుతుందో పత్తి రైతుకు తెలుసు. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బీటీ ఫీజుపై ఎంఆర్‌టీపీ కమిషన్‌కు వెళ్లాక ప్యాకెట్ ధర రూ.750కి దిగింది. 2016లో కేంద్రం ఫీజును రూ.49కి కోసింది. 2020లో సున్నా చేసింది.

పరిశోధనకు మనం వ్యతిరేకం కాదు. మనం వేసే తెలంగాణ సోనా ప్రభుత్వ వ్యవసాయ వర్సిటీ శాస్త్రవేత్తల కష్టమే. మన అభ్యంతరం ఒకపక్క లెక్క మీద. మన పొలంలో కొత్త రకం ట్రయల్ వేస్తే భూమి, నీళ్లు, కూలీ మనవి. పంట పోతే నష్టమూ మనదే. కంపెనీ చెల్లించని ఆ ఖర్చు ఏ ఫారంలోనూ పడదు.

అందుకే మన డిమాండ్లు మూడు. విత్తన కంపెనీల పరిశోధన ఖర్చును పంటవారీగా, తనిఖీ చేసి ప్రకటించాలి. ప్రజాధనంతో తయారైన విత్తనానికి ధర పరిమితి పెట్టాలి. ట్రయల్ రైతుకు రాతపూర్వక ఒప్పందం, నష్టపరిహారం ఉండాలి.

మూడోది మన చేతిలో కూడా ఉంది. చేలో బోర్డు పాతనిచ్చే ముందే కాగితం రాయించుకోండి. నకలు సంఘం దగ్గర ఉంచండి.