పాలు పడనివారు రోగులు కారు

గ్లాసెడు పాలు తాగిన గంటకే కడుపు ఉబ్బి, విరేచనాలు పట్టుకునేవారిని మీరు చూసే ఉంటారు. చీడికాడ ప్రాంతం నుంచి అలా వచ్చినవారికి నేనూ ఒకప్పుడు అమీబియాసిస్ అని మాత్రలు రాసి పంపాను. తప్పు నాది, వారి పేగులది కాదు.

పాలలోని చక్కెర లాక్టోజ్. దానిని అరిగించే లాక్టేజ్ ఎంజైము పసితనం దాటాక తగ్గిపోవడం క్షీరదాల సహజ ధర్మం. పెద్దయ్యాక కూడా అది నిలిచి ఉండడమే జన్యువులో వచ్చిన మార్పు. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొనగా 2011లో వెలువడిన అధ్యయనం, ఆ మార్పు వాయవ్య భారతంలో ఎక్కువనీ, దక్షిణాదికి వచ్చేకొద్దీ తక్కువనీ చూపింది. పంజాబు కడుపును కొలబద్దగా పెట్టి చోడవరం కడుపును రోగగ్రస్తమనడం ఏ న్యాయం?

అలాగని ‘పాలు విషం’ అనే ప్రచారానికీ లొంగకండి. 2024లో నేచర్ మెటబాలిజం పత్రికలో వచ్చిన అధ్యయనం, లాక్టేజ్ నిలవని జన్యువు గలవారిలో పాలు ఎక్కువ తాగేవారికి రెండో రకం మధుమేహం ముప్పు తక్కువగా ఉన్నట్టు గమనించింది. అరగని లాక్టోజ్ పేగులోని సూక్ష్మజీవులకు ఆహారమై మేలు చేస్తుండవచ్చు. అది సూచనే గాని, మందుచీటీ కాదు.

జన్యుపరీక్షకు డబ్బు తగలేయకండి. రెండు వారాలు పాలు మాని, మళ్లీ కొద్దికొద్దిగా తాగి చూడండి. మీ కడుపే చెబుతుంది. పడకపోతే పెరుగు, మజ్జిగ ఉన్నాయి. తోడులోని సూక్ష్మజీవులు కొంత లాక్టోజ్‌ను ముందే తినేస్తాయి. కాల్షియం గురించి బెంగా? 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా ఉంది. చోడి అంబలిలో మజ్జిగ కలుపుకున్న మన పెద్దలకు జన్యుశాస్త్రం తెలియదు, కడుపు తెలుసు.

పసిబిడ్డకు తల్లిపాలు మాత్రం మాన్పించకండి. మలంలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా డాక్టరుకు చూపించండి. మిగిలినవారి చేత బలవంతంగా పాలు తాగించకండి.