డిక్కీ ట్రే మీద స్పీకర్లు వద్దు

పొదిలి నుంచి చీమకుర్తి మీదుగా ఒంగోలు వెళ్లే రోడ్డులో కారు నడిపేవాళ్లకు సడన్ బ్రేకు కొత్త కాదు. గ్రానైట్ రాళ్ల లారీలు, సీజన్‌లో పత్తి బోరేలూ మిర్చి టిక్కీలూ వేసుకొచ్చే ట్రాక్టర్లు, ఉన్నట్టుండి అడ్డమొచ్చే గేదెలు, ఇండికేటర్ వేయకుండా తిరిగే బైకులు ఆ దారిలో మామూలే. అక్కడ తిరిగే ఆల్టోలు, స్విఫ్టులు, ఐ10లు, టియాగోల్లో ఎన్నింటికో వెనక అద్దం కింద కోలగా రెండు స్పీకర్లు కనపడతాయి. కారు కొన్నాక, అందులోనూ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాక, చాలామంది ముందుగా చేయించుకునే పని అదే. పాట మీద ఇష్టాన్ని తప్పుపట్టడానికి లేదు. తప్పల్లా ఆ స్పీకర్లను కూర్చోబెట్టిన చోటు. డిక్కీ మీద కప్పే ఆ ట్రేకి కన్నాలు కోసి వాటిని బిగించడం ఇకనైనా మానుకోవాలి. డిక్కీకి రెండు పక్కలా, కారు ఇనప బాడీకి బోల్టులతో పట్టించిన చెక్క ఆధారాలు చేయించి వాటి మీద పెట్టించుకోవాలి. ప్రాణభద్రత కోసం చెప్పే మాటే అయినా, పాట బాగా వినపడాలన్నా చేయాల్సింది ఇదే.

ముందు ఆ ట్రే ఏమిటో దగ్గరగా చూద్దాం. హ్యాచ్‌బ్యాక్ కారులో అది అట్టలాగా నొక్కిన నారతోనో, పల్చటి ప్లాస్టిక్‌తోనో చేసిన పలక. సీటు వైపు రెండు చిన్న ప్లాస్టిక్ మేకుల మీద ఆని ఉంటుంది. వెనక వైపు రెండు తాళ్లతో డోరుకు వేలాడుతుంది, డోరు ఎత్తితే తనూ లేస్తుంది. డిక్కీలో సామాను బయటికి కనపడకుండా కప్పడానికే కంపెనీ దాన్ని ఇచ్చింది, బరువు మోయడానికి కాదు. కోల స్పీకరు పెద్ద అయస్కాంతంతో కలిపి కిలోన్నర, రెండు కిలోలు తూగుతుంది. అలాంటివి రెండు దాని మీద పెట్టి, నాలుగేసి స్క్రూలు తిప్పి పంపుతున్నారు. కారు గంటకు 64 కిలోమీటర్ల వేగంతో పోతూ దేన్నయినా గుద్దుకుందనుకుందాం. భారత్ ఎన్‌క్యాప్ కార్లను ఎదురుగా గుద్దించి పరీక్షించే వేగం అదే. కారు ఆగుతుంది గానీ స్పీకరు ఆగదు, అదే వేగంతో ముందుకొస్తుంది. 16 మీటర్ల ఎత్తు నుంచి, అంటే అయిదంతస్తుల మేడ మీద నుంచి పడే వస్తువు నేలను తాకే వేగం అది. నలభై కిలోమీటర్ల వేగంలో కూడా రెండంతస్తుల ఎత్తు నుంచి పడ్డట్టే లెక్క. అదే బరువు డిక్కీ అడుగున ఉంటే వెనక సీటు వీపు కొంత అడ్డుకుంటుంది. సీట్ల మీద ఐక్యరాజ్య సమితి తెచ్చిన 17వ నంబరు నిబంధనలో దీనికోసం ఒక పరీక్షే ఉంది. 18 కిలోల దిమ్మెలను డిక్కీలో పెట్టి, గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారిగా ఆపి, సీటు తట్టుకుంటుందో లేదో చూస్తారు. కానీ ట్రే ఉండేది సీటు వీపు పైఅంచు దగ్గర. అక్కడి నుంచి లేచిన వస్తువుకు సీటు అడ్డు రాదు. ఎదురుగా ఉండేవి వెనక కూర్చున్నవాళ్ల తలలే. మన కార్లలో వెనక కూర్చునేది ఎక్కువగా పిల్లలు, పెద్దవాళ్లు.

ఇన్నేళ్లుగా అందరూ అలాగే పెట్టుకుంటున్నారు, ఎవరికేమైంది అని అడగొచ్చు. వెనక సీటు బెల్టు గురించి కూడా చాలాకాలం ఇదే మాట అన్నాం. వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోవాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వ నిబంధన ఎప్పటి నుంచో చెబుతూనే ఉంది. 2022 సెప్టెంబరు 4న టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర వెనక సీట్లో బెల్టు లేకుండా ప్రయాణిస్తూ ప్రాణాలు కోల్పోయాకే దేశమంతా దాని గురించి మాట్లాడుకుంది. ప్రమాదం జరగనంతకాలం ప్రతి ఏర్పాటూ బాగానే ఉన్నట్టు కనపడుతుంది. గుద్దుకున్న ఆ క్షణంలో అది నిలబడుతుందా లేదా అన్నదే చూడాలి. ట్రే మేకులు నిలబడవు. ఇంట్లోవాళ్లందరి చేతా బెల్టు పెట్టించి, వాళ్ల తలల వెనకే నాలుగు కిలోల ఇనుము వదులుగా ఉంచడంలో అర్థం లేదు.

ఇక పాట సంగతి. స్పీకరు అట్ట ముందుకు కదిలినప్పుడు ముందు గాలిని నెడుతుంది, వెనక గాలిని లాగుతుంది. ఈ రెండు అలలూ ఒకదానికొకటి ఎదురు. మధ్యలో గట్టి అడ్డు లేకపోతే రెండూ కలిసి ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ఆ దెబ్బ ముందుగా తగిలేది బేసుకే. 50 హెర్ట్జ్ ధ్వని అల పొడవు ఏడు మీటర్లు ఉంటుంది. అంత పొడవున్న అల ట్రే అంచు చుట్టూ ఉండే సందుల్లోంచి తేలిగ్గా చుట్టి వచ్చేస్తుంది. అందుకే డోలు దెబ్బ, తబలా బాయా అసలు బరువుతో వినపడవు. పైగా పల్చటి పలక తానే ఊగుతుంది, మేకుల దగ్గర గడగడలాడుతుంది. పాటలో లేని మోత వస్తుంది, ఉన్న మోత పోతుంది. దానికి మనం వెతుక్కునే మందు వాల్యూమ్ పెంచడం. ధ్వని రెండింతలు పెద్దగా అనిపించాలంటే దాదాపు పది రెట్లు పవర్ కావాలి. చిన్న కారు స్టీరియోలో అంత పవర్ ఉండదు. శక్తికి మించి తిప్పితే ధ్వని పగులుతుంది, స్పీకరులో కాయిల్ వేడెక్కి కాలిపోతుంది. ఆ పైన ఇంకా ఖరీదైన స్పీకరు, ఆంప్, వూఫర్ డబ్బా కొంటాం. మొదట్లోనే చెక్క మీద పెట్టాల్సిన డబ్బు ఇలా దారి తప్పుతుంది. మామూలు ధర స్పీకరు గట్టి చెక్కలో కూర్చుంటే, ఖరీదైన స్పీకరు ట్రే మీద ఇచ్చే దానికంటే మంచి బేసు ఇస్తుంది. బ్రాండ్ల గురించి మాట్లాడినంతగా ఈ మాట ఎవరూ చెప్పరు.

ఆ చెక్క పని ఎలా చేయించాలి? ట్రే ఆనుకునే చోట, డిక్కీకి అటూ ఇటూ ప్లాస్టిక్ గట్లు ఉంటాయి. ట్రేని మధ్యలో అలాగే ఉంచి, ఆ గట్ల స్థానంలో రెండు చెక్క ఆధారాలు రావాలి. ముందు అట్టపెట్టె అట్టతో నమూనా కోసి కారులో పెట్టి చూడాలి. వెనక డోరు మూసినప్పుడు అద్దానికి స్పీకరు తగలకూడదు. సీటు వీపు మడిచినప్పుడు అడ్డం రాకూడదు. ఈ ప్రాంతంలో చిన్న కారంటే విత్తనాల ప్యాకెట్ల నుంచి పురుగుమందు డబ్బాల దాకా మోసే బండి కూడా, డిక్కీ చోటు పోగొట్టే పని ఎవరికీ పనికిరాదు. డిక్కీ నిండా కూర్చునే పెద్ద వూఫర్ డబ్బా కంటే ఈ పక్క ఆధారాలు మేలని చెప్పడానికి ఇదీ ఒక కారణం. నమూనా కుదిరాక 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకోవాలి. ఎం.డి.ఎఫ్. ధ్వనికి మంచిదే, నున్నగా కోసుకోవచ్చు కూడా. కానీ దాని అంచుల్లో స్క్రూ పట్టు త్వరగా వదులవుతుంది, తడి తగిలితే ఉబ్బుతుంది. పార్టికల్ బోర్డు అసలు వద్దు. పత్తి కట్టెతో పార్టికల్ బోర్డు చేసే పద్ధతిని ముంబయిలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ రూపొందించింది. పొలాల్లో తగలబెట్టే కట్టెకు అది మంచి ఉపయోగం, బీరువాలకూ అల్మరాలకూ బాగుంటుంది. కుదుపులు తినే బోల్టుకు మాత్రం ఆ రకం పలక చాలదు.

అసలు జాగ్రత్త కన్నం వేసేటప్పుడు కావాలి. పక్క ప్లాస్టిక్ కవరు విప్పి లోపల ఏముందో చూడకుండా డ్రిల్ పెట్టకూడదు. చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో వెనక సీటు బెల్టు చుట్టుకునే రీలు ఆ కవరు వెనకే ఉంటుంది. పెట్రోలు పోసే గొట్టం ఒక పక్క నుంచి దిగుతుంది, వెనక లైట్ల వైర్లూ అటే పోతాయి. బెల్టును బాడీకి పట్టి ఉంచే బోల్టును విప్పి, దాని కిందే చెక్కను బిగిస్తే పని తేలిక. ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు, బెల్టు బలం ఆ ఒక్క బోల్టులో ఉంది. డిక్కీలో సి.ఎన్.జి. సిలిండరు ఉన్న కారైతే దాని వాల్వుకు చెయ్యి అందేంత దారి వదలాలి, గ్యాసు పైపు దగ్గర డ్రిల్ పెట్టకూడదు. బోల్టుల విషయంలో లెక్క సులువు. చెక్క, స్పీకరు కలిపి ఒక్కో పక్క నాలుగు కిలోలనుకుంటే, గట్టి ప్రమాదంలో అది తన బరువుకు నలభై రెట్లు, అంటే 160 కిలోల లాగుడు లాగొచ్చు. ఆరు మిల్లీమీటర్ల ఇనప బోల్టు ఒక్కటే వందల కిలోలు తట్టుకుంటుంది. తెగేది బోల్టు కాదు, దాని చుట్టూ ఉన్న చెక్క. అందుకే స్క్రూలు కాకుండా చెక్క గుండా అవతలికి వచ్చే బోల్టు వేసి, రెండు వైపులా వెడల్పాటి వాషరు పెట్టి, లాక్ నట్టు బిగించాలి. మే నెల ఎండలో మూసి ఉంచిన కారు లోపల జిగురు టేపులు, గ్లూగన్ అతుకులు మెత్తబడతాయి కాబట్టి బరువు మోసే చోట వాటిని నమ్మకూడదు. చెక్కకూ ఇనుముకూ మధ్య పల్చటి రబ్బరు పట్టీ వేస్తే మోత రాదు. ఆంప్ పెడితే బ్యాటరీ నుంచి వచ్చే వైరుకు బ్యాటరీ దగ్గరే, మూరెడు లోపే ఫ్యూజు ఉండాలి. వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే మంటలను ఆపేది ఆ ఫ్యూజే.

బజారులో రెడీమేడ్ చెక్క ట్రేలు దొరుకుతుండగా ఈ అవస్థంతా ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. మందమైన ట్రే వల్ల ధ్వని కొంత బాగుపడే మాట నిజమే. కానీ చాలా ట్రేలు ఆనేది మళ్లీ ఆ ప్లాస్టిక్ మేకుల మీదే. బరువు పెరిగింది, పట్టు పెరగలేదు. ప్రమాదంలో అది పాత ట్రే కంటే చెడ్డది. రెండో సందేహం, మన వడ్రంగులు కారు పని చేయగలరా అన్నది. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు, బస్సులకు బాడీలు కట్టిన చేతులు తెలుగు చేతులే. ఆ విద్య ఎక్కడి నుంచో రాలేదు, చూసి, కొలిచి, చేసి నేర్చుకున్నారు. అయితే నైపుణ్యంతో పాటు కొలత కూడా కావాలన్నదీ నిజం. బస్సు బాడీలకు ఏఐఎస్-052 అనే కోడ్ తెచ్చింది అందుకే. స్పీకరు ఆధారానికి అలాంటి కోడ్ లేదు కాబట్టి ఆ కొలతలు మేస్త్రికీ కారు యజమానికీ తెలిసి ఉండాలి. తలుపులూ మంచాలూ చేసే మేస్త్రికి ప్లైవుడ్ కొయ్యడం చెప్పనక్కర్లేదు. కవరు వెనక బెల్టు రీలు ఉంటుందని చెప్పాలి. స్టీరియో షాపు ఎలక్ట్రీషియనూ వడ్రంగీ ఒక్క పూట కలిసి కూర్చుంటే అయ్యే పని ఇది. ఐ.టి.ఐ.లలో కార్పెంటర్ ట్రేడూ, మోటార్ మెకానిక్ ట్రేడూ ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపి ఇలాంటి చిన్న పని ఒకటి నేర్పితే పిల్లలకు చేతినిండా బేరం ఉంటుంది.

చట్టం ఒప్పుకుంటుందా అన్న ప్రశ్న న్యాయమైనదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో నమోదైన, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. డిక్కీలో స్పీకరు ఆధారం బిగించినంత మాత్రాన రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలేవీ మారవు. అయినా బాడీ ఇనుమును కోయకుండా, వీలైనంతవరకు కంపెనీ ఇచ్చిన కన్నాలనే వాడుకుని, ఎప్పుడైనా విప్పి పాత ప్లాస్టిక్ గట్లు పెట్టుకునేలా చేయించడం మంచిది. వారంటీ పేచీ ఎక్కువగా వచ్చేది వైర్లు కోసి అతికించిన చోట. కంపెనీ సాకెట్‌కు సరిపోయే కప్లర్ కొని వాడితే ఆ గొడవా ఉండదు.

స్పీకర్ల గోల ఇప్పటికే భరించలేకున్నాం, దానికి మళ్లీ సలహాలా అని కోపగించుకునేవాళ్లకు నా సమాధానం వేరే. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదన్నాయి. రాత్రి పదింటికి అద్దాలు దించి ఊరంతా వినపడేలా పాట పెట్టడాన్ని ఎవరూ సమర్థించకూడదు. కానీ ఆ గోలలో కొంత భాగం చెడ్డ బిగింపు వల్ల పుట్టిందే. బేసు లోపలే సరిగా వినపడితే వాల్యూమ్ అంతగా తిప్పాల్సిన అవసరం తగ్గుతుంది, ట్రే గడగడలు బయటికి రావు. వెనక స్పీకర్లే అక్కర్లేదు, ముందు డోర్లలోవి చాలు అనేవాళ్ల మాట కూడా డ్రైవరు ఒక్కడే వినే కారుకు సరిపోతుంది. అయిదుగురు ఎక్కే కారులో వెనకవాళ్లకు వినపడాలని ముందువి పెంచితే డ్రైవరుకు పక్క లారీ హారను వినపడదు. కాబట్టి పెట్టించుకునేవాళ్లు పెట్టించుకోవచ్చు. బిల్లులో స్పీకరు ధరతో పాటు ఆధారానికి వాడిన ప్లైవుడ్, బోల్టులు, కూలీ విడిగా రాయమని షాపును అడగండి. డబ్బు ఇచ్చే ముందు డిక్కీ తెరిచి, ఆ చెక్కను రెండు చేతులా పట్టుకుని గట్టిగా సీటు వైపుకు లాగి చూడండి. ఏ మాత్రం కదిలినా విప్పించి మళ్లీ బిగించమనండి.