చవిటిపర్రలో పంట

అన్నదమ్ములు భాగాలు పంచుకునేటప్పుడు పెద్దవాడికి కాలువ కింది మాగాణి, నడిపివాడికి కొబ్బరితోట, ఆఖరివాడికి ఊరి చివర చవిటిపర్ర రావడం మనం ఎరగని సంగతి కాదు. పెద్దమనుషులు తీర్పు చెప్పి, తాంబూలాలు పుచ్చుకుని వెళ్ళిపోతారు. పదేళ్ళు తిరిగేసరికి ఆ చవిటిపర్రలోనే బంగారం పండిందనుకోండి, అప్పుడు అన్నలిద్దరికీ ఆ నేలమీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొస్తుంది. ఆకాశంలో కూడా అచ్చంగా ఇలాంటి పంపకమే ఒకటి జరిగింది.

ఆకాశంలో పంచుకోవడానికి ఏముంది అంటారా? రేడియో తరంగాలున్నాయి. ఒకే తరంగం మీద ఇద్దరు ఒక్కసారే మాట్లాడితే ఇద్దరి మాటా తెలియదు. అందుచేత ఓడలకు కొన్ని, సైన్యానికి కొన్ని, ప్రసార కేంద్రాలకు కొన్ని అని ప్రభుత్వాలు తరంగాలకు హద్దురాళ్ళు పాతాయి. వీళ్ళెవరూ కాక, జీతం భత్యం లేకుండా, సరదా కొద్దీ ఇంట్లోనే రేడియో కేంద్రం పెట్టుకుని దేశదేశాల వాళ్ళతో ముచ్చటించేవారు కొందరున్నారు. వాళ్ళను ‘హామ్’లంటారు. మన కథలో ఆఖరి తమ్ముడు ఈ హామే.

1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఓడ మునిగింది. ఆ ఆగస్టులోనే అమెరికా ప్రభుత్వం రేడియో చట్టం చేసింది. ఓడల మాటలకు అడ్డం రాకుండా, ఔత్సాహికులు 200 మీటర్లకు మించిన పొడవుగల తరంగాలను వాడరాదని అందులో ఒక షరతు పెట్టారు. తరంగం ఎంత పొడవైతే అంత దూరం పోతుందనీ, పొట్టి తరంగాలు ఊరి పొలిమేర దాటవనీ ఆనాటి పండితుల నమ్మకం. ఎందుకూ పనికిరాని దాన్ని ఇచ్చేస్తే పోయేదేముంది? ఇచ్చేశారు.

కుర్రాళ్ళు ఊరుకున్నారా? 1921 డిసెంబరులో పాల్ గాడ్లీ అనే అమెరికన్ హామ్ స్కాట్లండులోని ఆర్డ్రోసన్ వద్ద, సముద్రపుటొడ్డున గుడారం వేసుకుని, ఆ చలిలో చెవులకు శ్రవణయంత్రం తగిలించుకుని కూర్చున్నాడు. అట్లాంటిక్ అవతలినుంచి తన తోటివాళ్ళు పంపిన సంకేతాలు రెండు డజన్ల కేంద్రాలకు పైగా విన్నాడు. అవి 200 మీటర్లకు దగ్గరదగ్గర తరంగాలు. ఇంకా కిందికి దిగితే ఏమవుతుందో చూద్దామనుకున్నారు. 1923 నవంబరులో ఫ్రాన్సులోని నీస్ నుంచి లియోఁ డెలాయ్, అమెరికానుంచి ఫ్రెడ్ ష్నెల్ సుమారు నూటపది మీటర్ల తరంగంమీద ఒకరికొకరు జవాబు చెప్పుకున్నారు. పండితుల లెక్క తలక్రిందులయింది. చాలా ఎత్తున, విద్యుదావేశం పొందిన గాలి పొరలు పొట్టి తరంగాలను తిరిగి భూమికి వంచి పంపుతాయి. గోడకు కొట్టిన బంతిలా అవి పోయి పోయి ఎక్కడో సముద్రాల కవతల తేలుతాయి.

మరుసటి ఏడు, 1924 అక్టోబరు 18న, ఇంకా పెద్ద వింత జరిగింది. న్యూజీలండులో గొర్రెలు పెంచుకునే కుటుంబంవాడు ఫ్రాంక్ బెల్. లండన్‌లో మిల్ హిల్ స్కూలు విద్యార్థి సెసిల్ గాయ్‌డర్. భూగోళానికి ఈ కొసనుంచి ఆ కొసకు ఇద్దరూ సంభాషించుకున్నారు. తర్వాత ఫ్రాంకుగారు వ్యవసాయంలో పడితే, ఆయన అక్క బ్రెండా ఆ కేంద్రాన్ని చేతిలోకి తీసుకుని, 1927లో న్యూజీలండునుంచి దక్షిణాఫ్రికాతో మొదటిసారి రేడియోలో మాట కలిపింది.

ఆ గాయ్‌డర్ కుర్రవాడు ఏమయ్యాడంటారా? పెద్దవాడై, 1936లో మన దేశానికి ఆలిండియా రేడియో ప్రధాన ఇంజనీరుగా వచ్చాడు. ఇంత పెద్ద దేశానికి చౌకలో మాట అందించాలంటే పొట్టి తరంగాలే శరణ్యమని ఆయనకు వేరే ఎవరు చెప్పాలి? 1938లో మద్రాసు కేంద్రం మొదలైనప్పుడు మీడియం వేవ్‌తో పాటు షార్ట్ వేవ్ కూడా ఏర్పాటయింది. మన తాతలు ఎక్కడో పల్లెటూళ్ళలో కూర్చుని మద్రాసు తెలుగు కార్యక్రమాలు విన్నారంటే, ఆ పుణ్యంలో ఆ స్కూలు కుర్రవాడికీ వాటా వుంది.

అయితే బంగారం పండిన చేను ఎవరి కంట పడదు? 1927 వాషింగ్టన్ సమావేశంలో దేశాలన్నీ కూర్చుని షార్ట్ వేవ్ పంచుకున్నాయి. దాన్ని సాగులోకి తెచ్చిన హామ్‌లకు మిగిలినవి కొన్ని గట్లు మాత్రమే. మద్రాసు కేంద్రం వెలసిన 1938లోనే కైరోలో మరో సమావేశం జరిగింది. హామ్‌ల గట్టుల్లో ఒకటైన 40 మీటర్ల పట్టీలోకి, అమెరికా ఖండాలను మినహాయించి, ప్రసార కేంద్రాలను కూడా దిగనిచ్చారు. పాత వాల్వు రేడియో అద్దంమీద 41 అనే అంకె వుండేది, జ్ఞాపకముందా? ముల్లు అక్కడికి తిప్పి మనం పాటలు విన్నది హామ్‌ల పాత పొలంలోనే. మన ఆకాశవాణి కేంద్రాలు కొన్ని అందులో కాపురమున్నవే. పాపం, మనకేం తెలుసు!

తమ్ముడు గొడవకు దిగలేదు. అర్జీలు పెడుతూ వచ్చాడు. 1979లో జెనీవా సమావేశం 10, 18, 24 మెగాహెర్ట్జ్‌ల దగ్గర మూడు చిన్న పట్టీలు కొత్తగా ఇచ్చింది. 2003లో మళ్ళీ జెనీవాలోనే, 7100నుంచి 7200 కిలోహెర్ట్జ్ వరకూ ప్రసార కేంద్రాలు ఖాళీ చెయ్యాలని నిర్ణయమయింది. 2009 మార్చి 29 గడువు. ఆ రోజుతో ఆసియా, ఐరోపా, ఆఫ్రికాలలో హామ్‌ల చోటు ఆ పట్టీలో రెట్టింపయింది. పోయిన పొలం సగమైనా తిరిగిరావడానికి డెబ్బయి ఏళ్ళు పట్టిందన్నమాట. మన కోర్టు వ్యాజ్యాలే నయమనిపిస్తుంది!

సరదాగాళ్ళకు ఇంత చోటెందుకని అడిగేవారు లేకపోలేదు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థవారు అండమానులకు వెళ్ళారు. చాలా ఏళ్ళుగా అక్కడ హామ్ కేంద్రం లేదు గనక, ప్రపంచమంతా వాళ్ళ పిలుపు కోసం ఎదురు చూస్తోంది. భారతీ ప్రసాద్ అనే ఆమె పోర్ట్ బ్లెయిర్‌లో యంత్రం ముందు కూర్చుని పలకరింపులు అందుకుంటూ వుండగా, 26వ తేదీ ఉదయం భూమి కదిలింది. వెనకనే సునామీ వచ్చింది. టెలిఫోన్లు మూగబోయాయి. అంతవరకూ సరదాకు వాడిన యంత్రమే ఆపైన ద్వీపాలకూ ప్రధాన భూమికీ మధ్య మాట మోసింది. తమవాళ్ళు బ్రతికివున్నారన్న కబురు ఎన్నో ఇళ్ళకు ఆ దారినే చేరింది.

2022లో మన ప్రభుత్వం మొబైల్ ఫోన్ల తరంగాలను వేలం వేస్తే లక్షన్నర కోట్ల రూపాయల పాట పలికింది. అంత వెల పలికే ఆకాశంలో, వ్యాపారం చెయ్యకూడదన్న షరతుమీద, పరీక్ష ప్యాసయిన మామూలు మనిషికి కాస్త చోటు మిగిలి వుండడం చిన్న సంగతి కాదు. సాగు చేసేవాడు లేకపోతే ఆ చోటూ అన్నల పాలవుతుంది.

కాబట్టి మీ అబ్బాయో అమ్మాయో డాబామీద ఈ కొసనుంచి ఆ కొసకు రాగితీగ లాగుతూ కనిపిస్తే వెంటనే కేకలు వెయ్యకండి. బట్టలారేసుకోవడానికి వేరే దండెం కట్టుకోవచ్చు.