చేతులు వణికితే చేతకానట్టు కాదు

మిర్చి సీజన్‌లో గుంటూరు యార్డుకి ఎప్పుడైనా వెళ్లారా? 40 కిలోలు దాటిన టిక్కీని ముఠా కార్మికుడు వీపున వేసుకుని లారీకి ఎక్కించేస్తాడు. కాలు తడబడదు. అదే మనం జిమ్‌లో 60 కిలోల బార్ ఛాతీ మీదకి దించామో లేదో, చేతులు గజగజ వణుకుతాయి. పక్కనున్న ఫ్రెండ్ ఊరుకుంటాడా? ‘ఏరా, వైబ్రేషన్ మోడ్‌లో పెట్టావా?’ అంటాడు.

బీటెక్ అయ్యాక ఉద్యోగం కోసం తిరిగే రోజుల్లో నాకూ ఇదే జరిగింది. ఆ మాట పడలేక మర్నాడు ఇంకో 10 కిలోలు ఎక్కించా. నడుం పట్టేసి పది రోజులు మంచం దిగలేదు. ఆ వారంలో ఉన్న ఇంటర్వ్యూ పోయింది. అందుకే గట్టిగా చెబుతున్నా: వణుకును చూసి సిగ్గుపడొద్దు, పంతానికీ పోవద్దు. అదేం చెబుతోందో వినండి.

అసలు వణుకు ఎందుకొస్తుంది? కండరంలోని పోగులు గుంపులుగా పనిచేస్తాయి. ఒక నరకణం, దాని మాట వినే పోగులు కలిస్తే ఒక మోటార్ యూనిట్. బరువు తక్కువైతే చిన్న యూనిట్లు చాలు. అవి వంతులేసుకున్నట్టు వేర్వేరు క్షణాల్లో లాగుతాయి కాబట్టి కదలిక సాఫీగా ఉంటుంది. బరువు పెరిగేకొద్దీ పెద్ద యూనిట్లు దిగుతాయి. వాటికి బలం ఎక్కువ, అలసట కూడా త్వరగా వస్తుంది. మన పరిమితి దగ్గరికొచ్చేసరికి చాలా యూనిట్లు ఒకేసారి లాగి, ఒకేసారి వదలడం ఎక్కువవుతుంది. ఆ కుదుపులే పైకి వణుకుగా కనిపిస్తాయి.

కొత్తవాళ్లకి మొదటి వారాల్లో వచ్చే బలంలో ఎక్కువ భాగం కండ పెరిగి వచ్చేది కాదు, నరాలు పని నేర్చుకుని వచ్చేది. ముఠా కార్మికుడి నరాలు ఆ పాఠం ఏళ్లుగా చదివాయి. మనవి ఇప్పుడే ఎల్‌కేజీలో చేరాయి. కోడింగ్ భాషలో చెప్పాలంటే, వణుకు ఎర్రర్ కాదు, వార్నింగ్. ప్రోగ్రామ్ ఆగదు. కానీ పట్టించుకోకపోతే ఎప్పుడో ఒకప్పుడు దెబ్బ కొడుతుంది.

మరి ఆ వార్నింగ్‌ని ఎలా చదవాలి? చివరి ఒకటి రెండు రెప్స్‌లో వణికి, కాసేపటికి తగ్గిపోతే మామూలే. మొదటి రెప్ నుంచే వణికితే బరువు ఎక్కువైనట్టు, లేదా నిద్ర, తిండి, నీళ్లు తక్కువైనట్టు. రాత్రంతా చదివి, ఖాళీ కడుపుతో రెండు టీలు తాగి జిమ్‌కి వెళ్తే చేతులు వణక్క ఏం చేస్తాయి? ప్రీ వర్కవుట్ పొడుల్లోని కెఫీన్ కూడా వణుకును పెంచేదే. వణుకుతో పాటు నడుం వంగినా, మోకాళ్లు లోపలికి పడినా బార్ దించేయండి. పెద్ద సెట్ల మధ్య రెండు మూడు నిమిషాలైనా ఆగండి. బెంచ్ మీద ఒంటరిగా ఎత్తొద్దు. విశ్రాంతిలోనూ వణుకు ఆగకపోయినా, ఒక పక్కే వస్తున్నా డాక్టర్‌ని కలవండి. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి.

బాపట్ల దగ్గర స్టువర్టుపురం యువకుడు రాగాల వెంకట్ రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో స్నాచ్‌లో 151, క్లీన్ అండ్ జెర్క్‌లో 187, మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణం గెలిచాడు. ఆ ఆటలో ఒక నియమం ఉంది. బార్ తలపైకి వెళ్లాక ఒళ్లంతా కదలకుండా నిలబడితేనే దించమని సంకేతం వస్తుంది. అంటే ఎత్తితే సరిపోదు, బరువు కింద స్థిరంగా నిలబడాలి. ఆ స్థిరత్వం ఏళ్ల సాధనతో వచ్చేది, ఒక్క రోజు పంతంతో వచ్చేది కాదు.

కానిస్టేబుల్‌కో, అగ్నివీర్‌కో ప్రిపేర్ అవుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! అక్కడ మీరు 100 కిలోల బెంచ్ కొట్టారా అని ఎవరూ అడగరు. 1,600 మీటర్లు టైములో పరిగెత్తారా లేదా అన్నదే చూస్తారు. ఈవెంట్స్‌కి వారం ముందు ఫ్రెండ్ నవ్వాడని బరువు పెంచి నడుం పట్టించుకుంటే, ఏడాది కష్టం పోతుంది. ఈసారి ఎవరైనా నవ్వితే మీరూ నవ్వేయండి. బార్ నుంచి ఐదు కిలోలు తీసేసి మళ్లీ మొదలుపెట్టండి.