బిళ్లలతో సరిపెట్టరాదు

చక్కెర వ్యాధి కలవారి జబ్బు అన్న మాట ఏనాడో చెల్లిపోయింది. కూలినాలి చేసుకొనే ఇళ్లలో సైతం నేడది కాపురం పెట్టింది. దేశంలో 10 కోట్ల మందికి పైగా ఈ వ్యాధిగ్రస్తులున్నారని, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెల్లడించింది. పరిస్థితి తీవ్రతకు వేరే నిదర్శనం అక్కరలేదు.

అయినా పల్లెల్లో చికిత్స అంటే నెలనెలా బిళ్లలు ఇవ్వడం, వేలు గుచ్చి ఒక చుక్క చూడడం అన్నట్లుగానే సాగుతున్నది. పరీక్షకు ముందు రెండు రోజులు నోరు కట్టుకుంటే ఆ అంకె తగ్గుతుంది. పెళ్లి భోజనం చేసి వెళితే పెరుగుతుంది. ఒకనాటి అంకె ఒకనాటి సంగతే చెబుతుంది. రక్తంలోని ఎర్రకణం ఆయువు సుమారు 120 రోజులు. అందులోని హిమోగ్లోబిన్‌కు అంటిన చక్కెరను కొలిస్తే గడచిన రెండు మూడు నెలల గుట్టు బయటపడుతుంది. హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష ఇదే. సాధారణంగా ఇది 7 శాతం లోపు ఉండాలంటారు. బలహీనులైన వృద్ధులకు 8 వరకు సడలిస్తారు. చక్కెర మరీ పడిపోయి, కళ్లు తిరిగి కిందపడితే అదే ప్రాణం మీదికి రావచ్చు. రక్తహీనత ఉన్నవారిలో ఈ లెక్క తప్పే అవకాశమున్నది గనుక హిమోగ్లోబిన్ కూడా చూడడం తప్పనిసరి.

పథ్యం పేరుతో పెద్దవారికి చారన్నం, గంజి పెట్టడం మరో అనర్థం. వయస్సు మీద పడేకొద్దీ కండ తరుగుతుంది. భోజనం తర్వాత రక్తంలో చేరే చక్కెరను ఎక్కువగా వాడుకొనేది ఆ కండే. ధాన్యాల నుంచి లభించే శక్తి 45 శాతానికి మించరాదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. అంటే కంచంలో అన్నం తగ్గాలి. పప్పు, గుడ్డు, మజ్జిగ, ఆకుకూరలు పెరగాలి. జొన్న, రాగి మేలే గాని వాటికీ కొలత ఉండాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు మాత్రం పప్పు, గుడ్డు విషయమై వైద్యుని అడగాలి. రోజూ కొంతసేపు నడక అందరికీ అవసరమే. అయితే చౌకదుకాణం సంచిలో బియ్యమే ప్రధానమైనప్పుడు పేదవాని కంచంలోకి పప్పు ఎక్కడినుంచి వస్తుంది? హితవు చెప్పేవారు ఆలోచించవలసిన విషయమిది.

2025 నాటికి 7 కోట్ల 50 లక్షల మంది రక్తపోటు, చక్కెర రోగులకు ప్రామాణిక చికిత్స అందించాలని కేంద్రం 2023లో సంకల్పించింది. రిజిస్టరులో పేరెక్కినంత మాత్రాన చికిత్స జరిగినట్లు కాదు. ప్రతి రోగికీ ఏడాదికి రెండుసార్లైనా హెచ్‌బీఏ1సీ, ఒకసారి మూత్రపిండాల, కంటి, పాదాల పరీక్షలు ఉచితంగా జరిగేటట్లు జిల్లా వైద్యాధికారులు చూడాలి. ఫలితాన్ని కార్డుపై తెలుగులో రాసివ్వాలి. చూపు మందగించి, కాలు తీసివేయవలసి వచ్చాక ఎన్ని బిళ్లలు పంచినా ప్రయోజనం శూన్యం.