పిలుపు ఒకరికి, బరువు ఇంకొకరికా?

పోస్ట్ కొంచెం పొడుగు. చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి.

మొన్న మన గ్రూపులో ఒకతను "దేవుని పిలుపు వచ్చింది, అన్నీ వదిలి సేవకు వెళ్తున్నా" అని పెడితే అందరూ దండాలు, లైకులు. ఆ "అన్నీ"లో ఎవరెవరున్నారో ఒక్కరూ అడగలేదు.

నాకు తెలుసు. మా పెద్దమ్మ కొడుకు రెండేళ్ల కింద ఇలాగే వెళ్లాడు. ఇప్పుడు మా వదిన పర్చూరు చేలల్లో మిరప కోతలకి పోతోంది. సాయంత్రానికి చేతులు మంట, అన్నం కలుపుకోలేదు. పెద్దపాప ఏడో తరగతి మధ్యలో మానేసి తమ్ముణ్ణి చూసుకుంటోంది. అన్న అప్పు కూడా వదిలే వెళ్లాడు. అప్పులోళ్లు దేవుడి దగ్గరికి పోరుగా, మా వదిన గుమ్మానికే వస్తారు.

మనకి దగ్గర్లోనే స్టువర్టుపురం ఉంది. 1882లో సాల్వేషన్ ఆర్మీని మన దేశానికి తెచ్చిన బూత్ టక్కర్ కూడా ఐసీఎస్ ఉద్యోగం వదిలి పిలుపుకి కదిలినవాడే. త్యాగమే, కాదనను. కానీ 1911 నేరస్త జాతుల చట్టం పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టే అధికారం సర్కారుకిచ్చింది. ఆ చట్టం నీడలోనే మన ఎరుకలోళ్ల స్టువర్టుపురం సెటిల్మెంట్‌ని ఆ సంస్థ నడిపింది. వాళ్లు ఇష్టపడి ఇల్లు వదిలారు. మన తాతలు పక్క ఊరెళ్లాలన్నా అనుమతి కావాల్సొచ్చింది. దేశమంతటా ఆ చట్టం 1952కి గానీ పోలేదు. అంత కష్టపడి దక్కించుకున్న కలిసి బతికే హక్కుని మనమే తెంచుకుందామా?

దేవుడికంటే ఇల్లు ఎక్కువా అంటారు. అమ్మానాన్నలకి పెట్టాల్సింది దేవుడికిచ్చేశామని తప్పించుకునేవాళ్లని యేసే మందలించాడని సువార్తల్లో ఉంది. సిలువ మీద కూడా తల్లిని శిష్యుడికి అప్పజెప్పాడు. ఆశ్రమాల వైపు చూసేవాళ్లకీ ఇదే మాట. రాహులుణ్ణి సంఘంలో చేర్చుకుంటే తాత శుద్ధోదనుడు బాధపడ్డాడు. ఇకమీదట తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల్ని చేర్చుకోవద్దని బుద్ధుడు నియమం పెట్టాడు. అయినా సిద్ధార్థుడు వదిలింది రాజభవనం. రాత్రికి రాహులుడికి అన్నం ఎవరు పెడతారన్న ప్రశ్న అక్కడ లేదు. మన గుడిసెలో మొదటి ప్రశ్నే అది.

"నువ్వూ ఇల్లొదిలి హాస్టల్‌కి పోలేదా?" అంటారు. పోయాను. మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది నేనే మొదలు. కానీ అమ్మానాన్న ఒప్పుకున్నాకే పోయా. సెలవులకి వస్తే కూలికెళ్లి ఆ డబ్బు అమ్మ చేతిలో పెడతా.

నేను భక్తిని తిట్టట్లేదు. చప్పట్లు కొట్టేముందు మూడు అడగమంటున్నా. ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారా? అప్పు ఎవరు కడతారు? పిల్లల చదువు ఎవరు చూస్తారు? మూడింటికీ జవాబుంటే మనమే బస్సెక్కిద్దాం. లేకపోతే అది త్యాగం కాదు, బరువుని ఆడోళ్ల నెత్తిన పెట్టి పోవడం.

మా పాప మళ్లీ బడికి పోయేదాకా నేను అడుగుతూనే ఉంటా.