గంజు లేకుండా గంటె ఎందుకు?



ఈ వార్షికోత్సవం ఏర్పాట్ల కోసం జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో ఒక మంచి ప్రతిపాదన వచ్చింది. అన్నలందరూ తలా కొంత వేసుకొని హాస్టల్‌కు ఒక కంప్యూటర్, దాంతోపాటు రిపోర్టులు తీసే ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కొనివ్వాలని. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న ఒక అన్న క్రిస్టల్ రిపోర్ట్స్ పేరు చెప్పారు. తమ ఆఫీసులో దానితో తీసిన నాలుగు కాగితాలు కూడా చూపించారు. రంగురంగుల గ్రాఫులు, అడుగున మొత్తాలు, చూడముచ్చటగా ఉన్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు, మేమూ కొట్టాం. గదికి వచ్చి ఆలోచిస్తే మాత్రం ఆ చప్పట్లు తొందరపాటే అనిపించింది. పదో తరగతిలో మాకు లెక్కలు చెప్పి గట్టెక్కించింది ఆ అన్నే. ఆయన మాట కాదనడం మాకు సులువు కాదు. అయినా ఇది అందరి డబ్బు కాబట్టి మా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాం.

మొదట ఒక విషయం తేల్చుకోవాలి. క్రిస్టల్ రిపోర్ట్స్‌ను, మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌ను పక్కపక్కన పెట్టి ఏది గొప్పదని అడిగితే ఆ ప్రశ్నే సరికాదు. క్రిస్టల్‌లో సమాచారం దాచుకునే చోటు లేదు. అది ఒరాకిల్‌లోనో, ఎస్.క్యూ.ఎల్. సర్వర్‌లోనో, ఆఖరికి యాక్సెస్‌లోనో ఉన్న సమాచారాన్ని తెచ్చి, గుంపులు కట్టి, మొత్తాలు వేసి, కాగితం మీద అందంగా పెడుతుంది. కొత్తగా చేరిన తమ్ముడి పేరు అందులో ఎక్కించలేం. యాక్సెస్ అలా కాదు. పట్టికలు అందులోనే, పేర్లు ఎక్కించే ఫారాలు అందులోనే, ప్రశ్న అడిగే క్వెరీలు అందులోనే, చివరికి రిపోర్టూ అందులోనే. మన వంటగది భాషలో చెప్పాలంటే ఒకటి వడ్డించే గంటె, ఇంకొకటి గంటెతో సహా వచ్చే గంజు. మన దగ్గర ఇంకా గంజే లేదు.

రెండూ దాదాపు ఒక ఈడువే. యాక్సెస్ 1992లో వచ్చింది. క్రిస్టల్ కెనడాలో పుట్టి, విజువల్ బేసిక్‌తో కలిపి ఇవ్వడం వల్ల మన ఊళ్ళ కంప్యూటర్ సెంటర్ల దాకా పాకింది. తర్వాత చేతులు మారి ఇప్పుడు ఎస్.ఏ.పి. కంపెనీ దగ్గర ఉంది. పెద్ద సంస్థల్లో దానికి పని ఉంది, మేము కాదనం. వేలాది మంది లెక్కలు ఒక సర్వర్‌లో ఉండి, పది విభాగాలకు పది రకాల నమూనాల్లో రిపోర్టు కావాలంటే యాక్సెస్ ఆయాసపడుతుంది. దాని ఒక్క ఫైలు రెండు గిగాబైట్లకు మించి పెరగదు కూడా.

మరి మన లెక్క ఎంత? వంద మంది పిల్లలు, ఏడాదికి మూడు వందల రోజుల హాజరు అనుకున్నా 30,000 వరుసలు. పదేళ్ళకు 3,00,000. యాక్సెస్‌కు ఇది బరువే కాదు.

రిపోర్టు అంటే ఏమిటో మాకు కాలేజీలో కంటే ముందు ఇంట్లోనే తెలిసింది. మా నాయిన బోధన్ దగ్గర ఎకరం కౌలుకు తీసుకొని చెరకు వేసేవాడు. శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ పేరు ఈ పత్రిక చదివేవాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళింది, 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించి మూశారు. అప్పటికి మేము హైస్కూలు పిల్లలం. అంతకుముందు సీజన్లలో నాయిన తెచ్చిన కాంటా చిట్టీలు రేకు పెట్టెలో ఉండేవి. ఒక్కో చిట్టీ మీద తేదీ, బండి బరువు, చెరకు బరువు. చదువు రాని నాయిన వాటిని మా ముందు పరిచి “మొత్తం ఎన్ని టన్నులయింది బిడ్డా? ఏ చిట్టీకి పైసలు రాలే?” అని అడిగేవాడు. మేము వేళ్ళు మడిచి లెక్కపెట్టేవాళ్ళం. చెరకు తోలిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలని, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కలపాలని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వులో ఉందని ఎం.సి.ఏ.లో చేరాక గాని మాకు తెలియలేదు. తోలిన తేదీ, డబ్బు ముట్టిన తేదీ రెండూ ఒక పట్టికలో ఉంటే, 14 రోజులు దాటినవి ఏవో ఒక్క క్వెరీతో తేలిపోతాయి. నాయిన అడిగింది రిపోర్టే. దానికి రంగుల గ్రాఫు అక్కర లేదు, చిట్టీలు ఒక్కటీ పోకుండా ఉంటే చాలు.

ఇంకో సంగతి. డిగ్రీ రెండో ఏడాదిలో మా స్కాలర్‌షిప్ ఒక కార్యాలయంలో మూడు నెలలు ఆగింది. ఒక జాబితాలో ఇంటిపేరు ఒక రకంగా, మరో జాబితాలో ఇంకో రకంగా ఉంది. ఇద్దరు వేర్వేరు మనుషులనుకున్నారట. రెండు జాబితాలూ చక్కగా ప్రింటు తీసినవే, గీతలు కొట్టి, పేజీ నంబర్లు వేసి. కాని ఒక మనిషికి ఒక నంబరు, ఒకే చోట పేరు అనే పద్ధతి లేదు. దీన్నే డేటాబేస్ పాఠంలో ప్రైమరీ కీ అంటారు. పాఠం విన్నరోజు మాకు ఆ మూడు నెలలే గుర్తొచ్చాయి. మెస్ బిల్లుకు అప్పిచ్చిన మిత్రుడూ గుర్తొచ్చాడు (అతని బాకీ తీరింది, ఇది చదివి కంగారు పడొద్దు).

కాబట్టి మేము ఉత్త మాటలతో సరిపెట్టకుండా సెలవుల్లో ఒక పని చేశాం. వార్డెన్ సార్ అనుమతితో, మెస్ కమిటీ పిల్లలు రాసిన మూడు నెలల రిజిస్టరును ఒక మిత్రుడి పాత కంప్యూటర్‌లో యాక్సెస్‌లోకి ఎక్కించాం. మొదటిసారి తప్పే చేశాం. రిజిస్టరు చూసి రోజుకొకటి చొప్పున 31 గడులు పెట్టాం. నెల మారగానే మొత్తం చెడింది. తర్వాత పిల్లలకు ఒక పట్టిక, హాజరుకు ఒకటి, బియ్యం, పప్పు సరుకులకు ఒకటి పెట్టి కలిపాం. నవంబరు చివర్లో ఒక తేదీని కంప్యూటర్ ఎంతకూ తీసుకోలేదు. మేము దాన్నే తిట్టుకున్నాం. తీరా చూస్తే రిజిస్టరులో “నవంబరు 31” అని రాసి, ఆ రోజు బియ్యం ఖర్చు కూడా వేసి ఉంది! రాసింది ఎవరని వెతికితే, మా జూనియర్ కాదు, ఆ నెల కమిటీలో ఉన్న మాలోనే ఒకడు. ఆ రిజిస్టరును అలాగే టైపు చేసి క్రిస్టల్‌కు ఇచ్చి ఉంటే, లేని రోజు బియ్యాన్ని కూడా కలిపి అందమైన మొత్తం వేసి ఇచ్చేది.

తెలుగు పేర్ల బాధ కూడా చెప్పాలి. హాస్టల్ పాత జాబితాలు అను ఫాంట్లలో ఉన్నాయి. ఫాంటు మార్చగానే పేర్లన్నీ పిచ్చి గుర్తులయ్యాయి. అక్షర క్రమంలో పెట్టడం కుదరలేదు, వెతకడం కుదరలేదు. మళ్ళీ యూనికోడ్‌లో కొట్టాల్సి వచ్చింది. ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా ఈ చాకిరీ తప్పదు.

యాక్సెస్‌కూ లోపాలు లేకపోలేదు. పని మధ్యలో కరెంటు పోతే ఫైలు దెబ్బతినవచ్చు. మాకు ఒకసారి అలాగే అయింది, రిపేరు ఆప్షన్‌తో అదృష్టవశాత్తు తిరిగి వచ్చింది. పైగా అది ఉచితం కాదు, విండోస్ మీదే నడుస్తుంది. డబ్బే అడ్డమైతే లిబ్రే ఆఫీస్‌లో బేస్ అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. రిపోర్టుల్లో అది కొంచెం మొండిది, కాని పట్టికలు, క్వెరీలు నేర్చుకోవడానికి చాలు.

క్రిస్టల్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుంది కదా అని ఒక తమ్ముడు అడిగాడు. నిజమే, కొందరికి వచ్చింది. కాని రిపోర్టు తీయాలన్నా ముందు ఏ పట్టిక నుంచి ఏమి కావాలో అడగడం రావాలి. ఆ అడగడమే ఎస్.క్యూ.ఎల్. యాక్సెస్‌లో క్వెరీ గీసి, ఎస్.క్యూ.ఎల్. వ్యూ నొక్కితే అదే మాట అక్షరాల్లో కనబడుతుంది. మేము అలాగే నేర్చుకున్నాం. అది వచ్చినవాడికి క్రిస్టల్ రేపు కాకపోతే ఎల్లుండి వస్తుంది. కిటికీలు, బటన్లు మాత్రమే బట్టీపట్టినవాడు వెర్షన్ మారితే మళ్ళీ మొదటికి వస్తాడు.

అన్నలకు మా విన్నపం ఇది. ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌కు అనుకున్న డబ్బుతో కంప్యూటర్‌కు ఒక యూ.పి.ఎస్., ఒక మామూలు ప్రింటరు, బ్యాకప్‌కు రెండు పెన్‌డ్రైవులు ఇప్పించండి. ఒక పెన్‌డ్రైవు వార్డెన్ సార్ బీరువాలో ఉండాలి. రెండేళ్ళు లెక్కలు తప్పకుండా ఎక్కిన తర్వాత, అప్పటికీ యాక్సెస్ రిపోర్టులు చాలవనిపిస్తే క్రిస్టల్ గురించి మళ్ళీ కూర్చుని మాట్లాడుకుందాం. అప్పుడు పాఠం చెప్పాల్సింది ఆ అన్నే.

మేము తయారుచేసిన ఫైలు ప్రస్తుతం ఆ పాత కంప్యూటర్‌లోనే ఉంది. డిసెంబరు, జనవరి నెలలు ఇంకా ఎక్కించాలి. టైపు వచ్చిన తమ్ముళ్ళు ఆదివారం భోజనాలయ్యాక పై అంతస్తు చివరి గదికి రండి. రిజిస్టరు చదివి చెప్పేవాళ్ళు కూడా ఇద్దరు కావాలి.